తొంబదియైదవ శవము: ఊరి చరిత్రయు, అపరాధ పరిశోధక నవలయు

తీగ లాగిన డొంకంతయు కదలునని మనవారి సామెత. అపరాధ పరిశోధక నవల లక్షణమంతయు ఈ చిన్న వాక్యమున నిమిడియున్నది. తీగ మిక్కిలి చిన్నది. తేదీ తప్పిన యొక చీటి, చినిగిపోయిన దస్తావేజు మూల, లెక్కలో ఒకటి యెక్కువైన యంకె, ఇట్టివి. దానిని విడువక పట్టుకొని లాగువాడు పరిశోధకుడు. కదలెడు డొంక ఒక కుటుంబము కావచ్చును, ఒక గ్రామము కావచ్చును, ఒక్కొక్కప్పుడు ఒక రాజ్యమే కావచ్చును.

చరిత్రకారుడు చేయుపనియు దీనికంటె భిన్నమైనది కాదు. శాసనములోని ఒక పేరు, కవిలెలోని ఒక హద్దు, సమాధిరాతిమీది ఒక సంవత్సరము అతనికి చాలును. సాక్షులు గతించిరి, మిగిలిన గుర్తులను బట్టి జరిగినదానిని ఊహించి, ఆ యూహను మరల గుర్తులతో సరిచూచుకొనవలెను. ఇంతటి దగ్గరి చుట్టరికమున్నను, మన సాహిత్యమున చరిత్రయు అపరాధకథయు ఒకరి గడప నొకరు త్రొక్కుట అరుదు. చరిత్ర కళాశాలలో చదువబడును. అపరాధకథ రైలు ప్రయాణములో చదువబడును. ఈ యెడబాటు న్యాయమైనది కాదనియు, మన యుపాధ్యాయులును విద్యార్థులును తలచినచో దీనిని తొలగింపగలరనియు చెప్పుటయే ఈ వ్యాసమున నా యుద్దేశము.

మనకీ శాఖ కొత్తది కాదు. ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలోనే వంగభాషనుండి పాంచకడీ దేవు నవలలు తెలుగులోనికి వచ్చినవి. దేవరాజు వేంకటకృష్ణారావు గారి ‘వాడే వీడు’ మన తొలి అపరాధ పరిశోధక నవలలలో నొకటి. తరువాతి తరమున కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివు యుగంధరును, అతని సహాయకుడు రాజును తెలుగు పాఠకులకు ఇంటివారివలె పరిచితులైరి. ఆ నవలల బలము కథాగమనపు వేగము. పాఠకుని ఊపిరి సలుపనీయక నడిపించుటలో వారు సిద్ధహస్తులు. కాని ఒక ఊరి పుట్టుపూర్వోత్తరములే కథకు ముడియై, ఆ ముడి విప్పుటయే కథయైన నవలలు మనకు తక్కువ.

కుంపటి ప్రక్కని కథ

ఆంగ్లమున ‘కోజీ మిస్టరీ’ యని యొక శాఖ కలదు. చలికాలపు రాత్రి కుంపటి ప్రక్క కూర్చుండినప్పుడు కలుగు హాయిని ఆ ‘కోజీ’ శబ్దము సూచించును. ఇట్టి కథలలో హత్య జరుగవచ్చును గాని నెత్తుటి వర్ణన ముండదు. రంగస్థలము ఒక చిన్న యూరు. అందరికి అందరును తెలిసినవారే. పరిశోధించువాడు పోలీసు ఉద్యోగి కానక్కరలేదు. ఊరివారి స్వభావము లెరిగిన యే పెద్దమనిషియైనను చాలును. అగాథా క్రిస్టీ సృష్టించిన మిస్ మార్పుల్, 1930లో వెలువడిన ‘ది మర్డర్ ఎట్ ది వికరేజ్’ నవలలో మనకు కనబడునట్టి వృద్ధ కన్య, ఊలుదారముతో అల్లిక పని చేసికొనుచునే నేరస్థులను పట్టుకొనును. తన పల్లెలోని మనుష్యులను ఆమె శ్రద్ధగా చూచియుండుటయే ఆమె విద్య.

ఈ లక్షణమే స్థానిక చరిత్రకు తలుపు తీయుచున్నది. పెద్ద యుద్ధములు, రాజుల పట్టాభిషేకములు ఈ చిన్న రంగస్థలమునకు పట్టవు. చెరువుగట్టు తగవు, సత్రపు మాన్యము, గుడి ధర్మకర్తృత్వము, తాతపేరు పెట్టుకొన్న మనుమడు, ఇట్టివే దానికి సరిపోవును. స్థానిక చరిత్రయనగా ఇదియే గదా!

క్రిస్టీయే ఒకసారి ఈ తలుపు తెరచి చాల దూరము పోయినది. 1944లో ప్రకటితమైన ‘డెత్ కమ్స్ యాజ్ ది ఎండ్’ నవలలో ఆమె ప్రాచీన ఈజిప్టును రంగస్థలముగా గ్రహించెను. హెకనఖ్త్ అను ఒక గృహస్థు, దూరముననుండి తన యింటివారికి పొలము పనులను గురించియు, ఇంటి తగవులను గురించియు వ్రాసిన యుత్తరములు ఇరువదవ శతాబ్దపు మూడవ దశకమున త్రవ్వకములలో బయటపడినవి. నాలుగువేల యేండ్ల నాటి ఆ యింటి పోరే ఆమె కథకు విత్తనమైనది. కాని మన ప్రయోజనమునకు ఇంతకంటె దగ్గర యుదాహరణ మొకటి కలదు. అది తన యూరిని విడువని యొక రచయిత్రి కథ.

ష్రూస్‌బరీ మఠము

ఎడిత్ పార్జిటర్ 1913లో ఇంగ్లండు దేశపు ష్రాప్‌షైర్ మండలమున జన్మించెను. విశ్వవిద్యాలయమునకు పోలేదు. యౌవనమున కొన్నియేండ్లు ఒక మందుల దుకాణమున సహాయకురాలిగా పనిచేసెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున నౌకాదళపు స్త్రీవిభాగమున సేవ చేసెను. స్వయముగా చెక్ భాష నేర్చి, ఆ భాషనుండి ఆంగ్లమునకు అనువాదములు చేసెను. 1995లో మరణించువరకు పుట్టినచోటికి కొద్ది మైళ్ల దూరమునకు మించి ఎక్కడను ఆమె స్థిరనివాస మేర్పరచుకొనలేదు. ‘ఎల్లిస్ పీటర్స్’ అను కలముపేరుతో ఆమె వ్రాసిన బ్రదర్ క్యాడ్‌ఫెల్ నవలలు ఇరువది. 1977లో మొదటిది, 1994లో చివరిది వెలువడినవి.

సెవర్న్ నది మూడువైపుల చుట్టి వచ్చు ష్రూస్‌బరీ పట్టణమున, ఏటి కావలి యొడ్డున, 1083లో రోజర్ అను ప్రభువు స్థాపించిన బెనడిక్టు సంప్రదాయపు మఠమొకటి యుండెను. 1540లో ఇంగ్లండు రాజు దానిని రద్దుచేసెను. దేవాలయభాగము మాత్రము నేటికిని నిలిచియున్నది. పందొమ్మిదవ శతాబ్దమున మఠపు ఆవరణము మీదుగా రాజమార్గము వేసిరి. సన్యాసులు భోజనము చేయునప్పుడు ధర్మగ్రంథము చదువుటకై నిర్మించిన రాతివేదిక ఒంటరిగా ఆ మార్గమున కావల మిగిలిపోయినది. చూచువారు ఇది యేమని యడుగుదురు. ఆ ప్రశ్ననుండియే కథలు పుట్టును.

ఓవెన్, బ్లేక్‌వే యను ఇద్దరు మతాచార్యులు 1825లో ఈ పట్టణపు చరిత్రను రెండు సంపుటములుగా ప్రకటించిరి. ఆ గ్రంథము పార్జిటర్ యింట నుండెను. అందు ఆమె దృష్టి నాకర్షించిన వృత్తాంత మిది: 1137, 38 సంవత్సరముల ప్రాంతమున ఈ మఠమునకు చెందిన రాబర్ట్ అను అధికారి కొందరు సన్యాసులతో వేల్స్ దేశమునకు పోయి, గ్విథెరిన్ అను పల్లెలో సమాధిచేయబడిన వినిఫ్రెడ్ అను పుణ్యస్త్రీ యస్థికలను తెచ్చి తమ మఠమున ప్రతిష్ఠించెను. ఆ యాత్రను అతడే గ్రంథస్థము చేసెను. తమ మఠమునకు ఘనత రావలెనన్న కోరిక ఒకవైపు. తమ యూరి పుణ్యస్త్రీని పరదేశీయులు కొనిపోవుచున్నారన్న పల్లెవారి బాధ మరియొకవైపు. అధికారి వ్రాసిన చరిత్రలో మొదటిది కలదు. రెండవదానికి చోటు స్వల్పము. ఆ చోటనే పార్జిటర్ తన నవలను నాటెను.

ఆమె కల్పించిన క్యాడ్‌ఫెల్ వేల్స్ దేశీయుడు. యౌవనమున సైనికుడై దూరదేశములు తిరిగి, నడివయసున సన్యసించి, మఠపు తోటలో మూలికలు పెంచి మందులు నూరుకొనుచు కాలము గడపువాడు. మందుల దుకాణమున రచయిత్రి గడపిన సంవత్సరములు ఇచట ఫలించినవి. క్యాడ్‌ఫెల్ కల్పితుడు, కాని అతని పై యధికారులైన హెరిబర్ట్, రాడల్ఫస్, రాబర్ట్ అనువారు చరిత్రపురుషులు. ఎవడు ఏ సంవత్సరమున మఠాధిపతియైనదియు, ఎవడు పదవినుండి తొలగింపబడినదియు చరిత్రలో నున్నట్లే నవలలలో నున్నది. ఆమె చరిత్రను కదల్పలేదు. చరిత్ర మౌనముగా నున్నచోట మాత్రమే మాటలాడినది.

లెక్క తప్పిన నాడు

ఈ పద్ధతి మహిమ 1979లో వెలువడిన రెండవ నవల, ‘వన్ కార్ప్స్ టూ మెనీ’ యందు ప్రస్ఫుటముగా కాననగును. 1138 ఆగష్టు మాసమున స్టీఫెన్ రాజు ష్రూస్‌బరీ కోటను ముట్టడించెను. సింహాసనము తనదని వాదించుచున్న మాడ్ రాణి పక్షము వహించి ఫిట్జ్‌ఆలన్ అను ప్రభువు ఆ కోటను కాపాడుచుండెను. కోట పట్టుపడినది. ప్రభువు తప్పించుకొని పోయెను. రాజు కోపము పట్టజాలక ఆర్నుల్ఫ్ అను వీరునితో గూడ తొంబదినలుగురిని ఉరితీయించెను. ఇది చరిత్ర. ఆనాటి చరిత్రకారుడు ఆర్డెరిక్ విటాలిస్ దీనిని వ్రాసియుంచెను. ఈ ఆర్డెరిక్ 1075లో ష్రూస్‌బరీ ప్రాంతముననే పుట్టెను. మఠము స్థాపింపుమని ప్రభువును ప్రోత్సహించిన వారిలో అతని తండ్రియు నొకడు. పదియేండ్ల ప్రాయమున తండ్రి యతనిని నార్మండీలోని మఠమునకు పంపివేసెను. కడలి కావల నుండియు తన పుట్టినయూరి వార్తను అతడు చరిత్రకెక్కించెను.

ఇక నవల. మృతులకు శాస్త్రోక్తముగ అంత్యక్రియలు జరుపుటకు మఠమువారు అనుమతి పొందుదురు. శవములను సిద్ధముచేయు పని క్యాడ్‌ఫెల్‌ది. ఆతడు లెక్కించును. తొంబదినాలుగుండవలసినచోట తొంబదియైదున్నవి! ఆ యధికమైన శవము మెడమీదిది ఉరిత్రాటి గుర్తు కాదు. వెనుకనుండి సన్నని త్రాటితో బిగించి చంపిన గుర్తు. హంతకుడెవడో, చెట్టును అడవిలో దాచినట్లు, తాను చంపినవానిని రాజు చంపించినవారి నడుమ దాచినాడు. హంతకుడెవడన్నది నేనిచట చెప్పను. చదువబోవువారి యానందమును చెరుపుట పాపము.

రచయిత్రి చరిత్రకు కలిపినది ఒకేయొక్క యంకె. తొంబదినాలుగును ఆమె తొంబదిమూడు చేయలేదు, నూరు చేయలేదు. చరిత్ర చెప్పినది చెప్పినట్లుంచి, దాని ప్రక్క ఒక్కని నిలిపినది. చూచువారికి అది చిన్నపని. కాని అందుండి ఎంత పెద్ద ప్రశ్న లేచినదో చూడుడు. ఒక్కపూటలో తొంబదినలుగురు చచ్చినచోట ఇంకొకని చావునుగూర్చి విచారించుట యెందులకు? రాజు చేసిన దానిని ఎవడును అడుగడు. ఈ యొక్కదానికి మాత్రము న్యాయమేల? క్యాడ్‌ఫెల్ ఈ వాదమునకు లొంగడు. మరణములు పెక్కైనంతమాత్రమున ఒక్క ప్రాణము చులుకన కాదనుట అతని పట్టు. కడపట ఆ తొంబదియైదవ వానికి ఒక పేరు, ఒక వయస్సు, వానికై దుఃఖించువారు లభింతురు. చరిత్ర అంకెల నిచ్చును. నవల ఆ యంకెకు ముఖము నిచ్చును. వినోదమునకై చదువు పుస్తకమున ఇంతకంటె గంభీరమైన ధర్మ మేముండగలదు?

నేడు ష్రూస్‌బరీ మఠాలయమున పార్జిటర్ స్మారకముగా ఒక రంగుల గాజుల కిటికీ కలదు. ఊరి కథను ఊరికి తిరిగి యిచ్చినందుకు ఊరివారు చూపిన కృతజ్ఞత యది.

మన యింటి దండకవిలెలు

ఇదంతయు పరదేశపు ముచ్చట, మనకట్టి సాధనము లేవీ యని యడుగువారుందురు. మనకు కొరతయైనది సాధనసామగ్రి కాదు, దానివంక చూచు చూపు. కల్నల్ కాలిన్ మెకంజీ (1754–1821) కావలి వేంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల తోడ్పాటుతో గ్రామగ్రామమున సేకరింపించిన కైఫియతులు మనకు తరగని నిధి. గ్రామ కరణములు చెప్పిన వృత్తాంతములు, గుడుల పుట్టుక, చెరువుల త్రవ్వకము, మాన్యముల వివరము, దొరతనముల మార్పులు వానిలో కలవు. కడపలోని సి.పి.బ్రౌను భాషా పరిశోధన కేంద్రము కడప మండలపు కైఫియతులను సంపుటములుగా ప్రకటించినది. ఏనుగుల వీరాస్వామయ్య గారి ‘కాశీయాత్ర చరిత్ర’ 1830, 31 సంవత్సరముల నాటి దారులను, సత్రములను, బజారులను కన్నులకు కట్టించును. 1870, 80 ప్రాంతముల దొరలు వ్రాసిన నెల్లూరు, గోదావరి, కృష్ణా మండలముల మాన్యుయళ్ళు కలవు. 1918లో స్థాపితమైన వేటపాలెము సారస్వత నికేతనమువంటి గ్రంథాలయములలో పాత పత్రికలు కలవు.

ఇవిగాక ఇండ్లలోని కాగితములు. ఆంధ్రప్రదేశమున కరణముల పదవి 1984లో రద్దయినది. తరతరముల దండకవిలెలు, చిట్టాలు, దస్తావేజుల నకళ్ళు కొన్ని కచేరీలకు చేరినవి. కొన్ని అటకలమీదనే మిగిలి చెదలకు ఆహారమైనవి. ఊరి పొలముల పేర్లు కూడ దస్తావేజులే. ఏరు లేనిచోట ‘పాతరేవు’ అను పేరున్నదనగా ఒకప్పుడచట నీరు పారియుండవలెను. ఇల్లు లేనిచోట ‘పాటిదిబ్బ’ యున్నదనగా ఒకప్పుడు జనము కాపురముండవలెను. పేరు మిగిలినది, వస్తువు పోయినది. ఇంతకంటె మంచి రహస్య మేది?

ఒక కల్పన

మాట తేటపడుటకు ఒక కథను కల్పించి చూపెదను. గోదావరి డెల్టాలో ఒక యూరు. అచట ఒక పాత సత్రము, దానికి కొంత మాన్యము. ధర్మకర్తృత్వమునకై ఒకే వంశమునకు చెందిన రెండు శాఖలవారు పోరుచున్నారు. దానపత్రమొకటి కలదు. దాని తేది ‘నందన నామ సంవత్సర మార్గశిర శుద్ధ పంచమి’. దాత పేరు స్పష్టముగా నున్నది. కాని మూల చినిగినది. ఆ చినిగిన మూల యెట్లు పోయినదన్నదే ప్రశ్న. మొన్నటి యుగాదినాడు అది పత్రముననే యున్నదని సత్రపు వంటమనిషి చెప్పుచున్నాడు.

మన సంవత్సరములు అరువది. నందన 1832లో వచ్చినది, మరల 1892లో వచ్చినది. మనలో తాతపేరు మనుమనికి పెట్టుట ఆచారము. అందుచేత 1832 నాటి తాతకును, 1892 నాటి మనుమనికిని పేరొక్కటే! పత్రము తాతదైనచో వంశములోని రెండు శాఖలకును హక్కు. మనుమనిదైనచో ఒక్క శాఖకే. చినిగిన మూలలో నున్నది ఫసలీ సంఖ్య. మార్గశిరమాసమునకు ఫసలీ సంఖ్యకు 590 కలిపినచో మన యింగ్లీషు సంవత్సరము వచ్చును. 1242 అని యున్న 1832. 1302 అని యున్న 1892. నాలుగంకెల ముక్కను చింపివేసినచో అరువదియేండ్ల కాలము మాయమైనది!

పరిశోధకురాలు ఊరి యున్నతపాఠశాలలో పదవీవిరమణ చేసిన తెలుగు పండితురాలు. ఊరంతయు ఆమెను ‘టీచరమ్మగారూ’ యని పిలుచును. రెండు శాఖలవారి పిల్లలకును ఓనమాలు దిద్దించినది ఆమెయే. ఆమె చినిగిన మూలకై వెదకదు. మిగిలిన పత్రమును చదువును. హద్దులలో ‘తూర్పున ఆనకట్ట కాలువ’ యని యున్నది. ధవళేశ్వరపు ఆనకట్ట పని 1847లో ఆరంభమై 1852లో ముగిసినది. 1832లో ఆనకట్టయే లేదు, ఇక కాలువ యెక్కడిది? పత్రము మనుమనిదే. మూల చింపినవాడు అంకెలను చింపెనుగాని గోదావరిని చింపలేకపోయెను. ఇక మూల చింపినవాడెవడు, ఎందులకు చింపెను, అతనిని ఊరివారు క్షమించిరా లేదా యన్నది నవల. నెత్తురుచుక్క చిందలేదు, కాని కథను ఎవరును నడుమ విడిచి లేవరు.

ఇట్టి తీగలు మన చరిత్రలో కోకొల్లలు. గోదావరిమీది తొలి రైలువంతెన 1900లో తెరవబడినది. 1895లో నేను రైలుమీదనే యేరు దాటివచ్చితినని చెప్పు సాక్షి అబద్ధమాడుచున్నాడు. అతడు రేవు దాటి పడవమీద రావలెను. 1957 ఏప్రిలు 1వ తేదీని నయాపైసలు చెలామణిలోనికి వచ్చినవి. అంతకుముందు రూపాయకు పదునారణాలు, నూటతొంబదిరెండు పైలు. 1955 నాటిదని చెప్పు జమాఖర్చు పుస్తకమున నయాపైసల లెక్కయున్నచో ఆ పుస్తకము తరువాత పుట్టినది. నిజాము రాజ్యమున హాలీ సిక్కా వేరు, కంపెనీ నాణెము వేరు. సరిహద్దు గ్రామములలో ఏ సంతలో ఏ నాణెము చెల్లెనన్నదే ఒక సాక్ష్యము. పాఠ్యపుస్తకమున బరువుగా తోచు తేదీలు, కథలోనికి వచ్చినతోడనే తాళపుచెవులగుచున్నవి.

పాటింపవలసిన మర్యాదలు

ఇక హెచ్చరికలు. మొదటిది, చరిత్ర నిశ్చయముగా చెప్పినదానిని మార్చరాదు. కథకు అనుకూలించుటలేదని ఆనకట్టను పదియేండ్లు ముందునకు జరిపినచో, పాఠకుడు పట్టుకొనవలసిన తీగనే మనము త్రెంచినవారమగుదుము. అపరాధ నవలలో రచయితకును పాఠకునకును నడుమ ఒక ఒడంబడిక కలదు. గుర్తులన్నియు పాఠకుని యెదుట నుంచవలెను, అవి నమ్మదగినవై యుండవలెను. చరిత్రకు ద్రోహము చేసినవాడు ఆ యొడంబడికకును ద్రోహము చేసినవాడే.

రెండవది, నిజముగా బ్రదికిన సామాన్యునిమీద చేయని నేరము మోపరాదు. చచ్చినవాడు వచ్చి పరువునష్టపు దావా వేయడు, నిజమే. కాని అతని మునిమనుమడు ఆ వీధిలోనే నడచుచుండును. గ్రామములలో ఇంటిపేరు చెప్పినచో కులము, కక్ష, పాత కోర్టు వ్యవహారము అన్నియు లేచి కూర్చుండును. అందుచేత ఊరి పేరు, ఇంటిపేర్లు కల్పితములై యుండుట మేలు. పార్జిటర్ చరిత్రపురుషులను అధికారపీఠములమీద నుంచి, హంతకులను మాత్రము తాను సృష్టించుకొనెను. ఇది జాగ్రత్త మాత్రమే కాదు, మర్యాద.

మూడవది, ఏ దుఃఖము కథకు తగినది, ఏది తగనిది యన్న వివేకము. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో సుమారు ముప్పదివేలమంది మరణించిరి. అంతమంది నడుమ ఒక హత్యను దాచవచ్చునని కథకుని బుద్ధికి వెంటనే తోచును. ష్రూస్‌బరీ కథ దారి చూపుచునే యున్నది గదా! తోచుట తప్పుకాదు. కాని ఆ రాత్రిని వేడుకగా వర్ణించుట తప్పు. అట్టి కథ వ్రాయదలచినవాడు ఉప్పెన గడచిన పదియేండ్లకు కథ నారంభించి, ఆ రాత్రి పోయెననుకొన్న ఒక్కనిగూర్చి ఒక తల్లి యింకను అడుగుచున్నట్లు చూపినచో, ముప్పదివేలన్న యంకె మొదటిసారిగా మనకు అర్థమగును. క్యాడ్‌ఫెల్ లెక్కించినది శవములను కాదు, మనుష్యులను. ఆ తేడా తెలియనివాడు ఈ పనికి పూనుకొనకుండుటయే మంచిది.

నాలుగవది భాష. 1892 నాటి వృద్ధుడు నేటి కచేరీ మాటలతో మాటలాడరాదు. అట్లని ప్రతివానిచేత శాసనభాష పలికింపరాదు. ఆ కాలపు వ్యవహార పత్రములు, ఉత్తరములు కొన్ని చదివి, అందలి నాలుగు పలుకుబళ్ళను ఉప్పువలె వాడుకొనవలెను. ఉప్పు తక్కువైన చప్పన, ఎక్కువైన విషము.

పాఠశాలలో నొక ప్రయత్నము

ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపమిది. తొమ్మిదవ, పదవ తరగతుల విద్యార్థులకు ‘మా యూరు’ అను వ్యాసము వ్రాయుమనుట మనకు అలవాటు. పిల్లలు ‘మా యూరు చాల అందమైనది, పచ్చని పొలములు కలవు’ అని యేటేట ఒకే వ్యాసము వ్రాయుదురు. దానికి బదులు ఒక్కొక్కనికి ఒక్కొక్క ప్రశ్న యిచ్చి చూడుడు. ఈ వీధికి ఈ పేరెందులకు వచ్చినది? గుడి ముందున్న రాతిమీది యక్షరములెవరివి? ఎండిపోయిన ఆ కోనేటిని ఎవరు త్రవ్వించిరి? ఇంటిలో అన్నిటికంటె పాత కాగిత మేది, దానిపై ఏ సంవత్సరమున్నది, అది ఏ అరువదింటిలోనిది? జవాబులు తెచ్చిన తరువాత, జవాబు దొరకని ప్రశ్నలను మాత్రము ఏరి, వానిచుట్టు కథ అల్లుమని చెప్పుడు. ఏది దొరికినది, ఏది కల్పించినది యని కథ చివర రెండు పట్టికలుగా వ్రాయింపుడు.

ఈ రెండు పట్టికలే ఈ చదువున ముఖ్యమైన భాగము. తెలిసినదానికిని ఊహించినదానికిని నడుమ గీత గీయుట నేర్చిన విద్యార్థి, రేపు ఎవడో గట్టిగా అరచి చెప్పినంతమాత్రమున ఒక పుకారును చరిత్రయని నమ్మడు. సాక్ష్యమేదని యడుగును. మన గ్రామములలో పాత కథలపేర ఎన్ని వైరములు పెరుగుచున్నవో చూచువారికి ఈ యొక్క ప్రశ్న విలువ తెలియును.

కాలము మాత్రము మనకై ఆగదు. అటకమీది కాగితమును చెదపురుగు ప్రతిదినము కొంత కొంత తినుచున్నది. పాతరేవుమీద ఇండ్లస్థలముల రాళ్ళు పాతబడుచున్నవి. సత్రము త్రవ్వకము నాటి మాటలు తాతవలన విన్న ముదుసలి, అడుగువారు లేక, అరుగుమీద మౌనముగా కూర్చుండియున్నాడు. నవల వ్రాయుట అందరివలనను కాకపోవచ్చును. కాని లెక్కించుట అందరివలనను అగును. మన యూరి కవిలెలో, మన యూరి శ్మశానమున, మన యూరి జ్ఞాపకమున లెక్కకు మించిన ఆ ఒక్కడెవడో, పేరు వ్రాయక విడిచిన వాడెవడో, ముందు వానిని కనుగొనుడు. కథ ఆ వెనుక దానంతట నడచివచ్చును.